టవలు మీద మంత్రగాడు

మొన్న ఆదివారం తలంటు పోసుకోబోయి, స్నానాలగదిలో కుంకుడు గింజ మీద కాలు వేసి పడ్డాను. మామూలుగా ఇంటి మగవాడు పడితే ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకొస్తారు. మా ఇంట్లో ముందు నవ్వారు, ఆ నవ్వు పూర్తయ్యాక వచ్చారు. మా ఆవిడ నన్ను లేపే ముందు గింజ ఎటు దొర్లిందో కూడా చూసుకుంది. నడుం పట్టుకొని నేలమీద కూర్చుని అనుకున్నాను: కుంకుడు గింజ చేతిలో నేను ఓడిపోవడం ఇది మొదటిసారి కాదు. అప్పట్లో ఓడిపోయినప్పుడు నిలబడి ఉండేవాణ్ణి, అదొక్కటే తేడా.

ఆ గింజ వెనక ఒక మనిషి ఉండేవాడు. పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. "పేరు తెలిస్తే ఎవురైనా పిలుస్తారు. పిలిస్తే తిరగల్ల. తిరిగితే మెడ నొప్పి" అనేవాడు. రైల్లో ఆయన్ని అందరూ మంత్రగాడనే అనేవాళ్ళు. ఆ మాటకు మాత్రం మెడ తిప్పేవాడు.

నేను అప్పుడు తిరువళ్ళూరు నుంచి అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటుకు రోజూ రైల్లో పోయేవాణ్ణి. లేతు మిషను పని. చదువంటారా, ఎనిమిదో క్లాసు గుమ్మం దాకా వెళ్ళాను, లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, తిరిగొచ్చేశాను. పొద్దుటి పాసింజరు తిరుత్తణిలో బయలుదేరేది. అందువల్ల తిరుత్తణివాళ్ళు కూర్చునేవాళ్ళు, తిరువాలంగాడువాళ్ళు ఇరుక్కునేవాళ్ళు, మా తిరువళ్ళూరువాళ్ళు నిలబడేవాళ్ళు. రైల్వేవాళ్ళు గోడమీద రాసిన రూల్సన్నీ ఎవరూ పట్టించుకోకపోయినా, ఎక్కడా రాయని ఈ రూలును మాత్రం అందరూ పాటించేవారు.

ఆయన తిరుత్తణి మనిషి. రైలు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కేవాడు, అయినా కిటికీ పక్క కూర్చునేవాడు కాదు. బెంచీ నడిమధ్యన కూర్చునేవాడు. ఒకపక్క ఆయన బావ. అంటే అక్క మొగుడు. రోజూ మదరాసుకు బియ్యం బేరానికి పోయే మనిషి. ఆ బావను మనిషి అనడం కూడా మర్యాదకే. బెంచీలో ముగ్గురు కూర్చోవలసిన చోట ఆయనా, ఆయన ఊపిరీ కూర్చునేవి. ఆ కొండను ఆనుకొని మంత్రగాడు పిట్టలాగా ఒదిగి ఉండేవాడు.

"కిటికీ ఉండంగా ఇక్కడెందుకన్నా నలిగిపోతా ఉండావు?" అని ఒకరోజు అడిగాను.

"కిటికీకాడ కూచున్నోనికి రాయి తగల్తాది. దారికాడ కూచున్నోనికి నీలాంటోడు తగల్తాడు. నడిమధ్యన నాకేం తగల్తాది? మా బావ చెమట. అది తుడుసుకుంటే పోతాది."

ఎస్టేటులో ఒక బల్బుల కంపెనీలో పని ఆయనకు. తయారైన బల్బును చెవి దగ్గర పెట్టుకొని సన్నగా ఊపి, లోపల తీగ తెగిందేమో విని, గడ్డిలో చుట్టి పెట్టెలో పెట్టడం. ఆ పని ఆయన చేతికి ఎంత పట్టిందంటే, ఏది ఇచ్చినా చెవి దగ్గరికి పోయేది. అగ్గిపెట్టె, కొబ్బరికాయ, వెలగపండు, ఆఖరికి ఎవరిదో కొత్త చెప్పు. ఊపేవాడు, వినేవాడు, "పర్లేదు" అనో "పోయిందిరా" అనో తీర్పు చెప్పేవాడు. నడక కూడా అంతే. తానే గాజుతో చేసిన మనిషైనట్టు, ఎవరికీ తగలకుండా, ప్లాట్‌ఫారం మీద గుంపును సందుల్లోంచి దాటేవాడు. ఆయన ఒంటిమీద ఎవరి భుజమూ పడగా నేను చూడలేదు.

సరే, టవలు. ఆయన కూతురు ఒక ముతక టవలు మీద పచ్చదారంతో గళ్ళు కుట్టి ఇచ్చింది. అట్టమీద అయితే రైలు కుదుపుకు గింజలు దొర్లిపోతాయి. ముతక టవలు పట్టుకుంటుంది. దాని మీద ఆడే ఆటను కోటాట అనేవాళ్ళు. ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. ఒకరోజు తిరువాలంగాడులో తాత నేర్పించాడనేవాడు, ఇంకోరోజు వెంగల్‌లో పాములవాడనేవాడు. నిలదీస్తే, "ఇద్దురూ ఒగరే" అనేవాడు.

ఆట వినడానికి తేలిక. ఇద్దరికీ చింతగింజలు సైన్యం. ఇద్దరికీ చెరో నాయకుడు. నాయకుడిగా ఏనుగును కోరుకోవచ్చు, మంత్రగాణ్ణి కోరుకోవచ్చు. ఏనుగు అంటే వక్క. అది తిన్నగా ఎంత దూరమైనా పరిగెత్తి, ఎదురైన గింజను తొక్కేస్తుంది. కానీ పరిగెత్తడానికి జాగా కావాలి; పక్క గడిలోనే ఉన్నదాన్ని తొక్కలేదు. నాలుగు వైపులా దారి మూస్తే ఏనుగు చిక్కినట్టే, ఆట అయిపోయినట్టే. ఇక మంత్రగాడు అంటే కుంకుడు గింజ. నడిస్తే ఒక్క గడి. ఎవరు వచ్చి తగిలినా చచ్చిపోతాడు. అయితే మూడు మంత్రాలున్నాయి: కట్టు అంటే ఎదుటివాడి ఒక కాయ కదలకుండా ఆగిపోతుంది, తోపు అంటే వెనక్కి పోతుంది, మాయం అంటే తానే ఎగిరి ఏ ఖాళీ గడిలోనైనా దిగొచ్చు. ఒక్కో మంత్రం ఆట మొత్తానికి ఒక్కసారే. నోటితో పైకి చెప్పాలి, చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడాలి. అంబత్తూరు వచ్చేసరికి ఇద్దరు నాయకులూ బతికుంటే, గింజలు ఎక్కువ మిగిలినవాడిది గెలుపు.

అందరూ ఏనుగునే కోరుకునేవాళ్ళు. ఎవరికి మాత్రం తొక్కాలని ఉండదు? ఈయన ఒక్కడే ఎప్పుడూ కుంకుడు గింజ తీసుకునేవాడు. గెలిచేవాడు. గెలిచేటప్పుడు చూస్తే గెలుస్తున్నట్టే ఉండదు. "అయ్యో, అయ్యయ్యో, వచ్చేసినావే, సచ్చిపోతినే" అని గొణుగుతూ ఉండేవాడు. ఎదుటివాడు ఆ ఏడుపు విని ఉత్సాహంగా ముందుకొచ్చేవాడు. కాసేపటికి చూస్తే ఏనుగు మూలలో ఉండేది, చుట్టూ చింతగింజలు కూర్చుని ఉండేవి.

"భయం దాసిపెట్టకూడదు, చూపించల్ల," అని చెప్పాడొకసారి. "భయపడే వోని మీదికి ఎవుడైనా చూసుకోకుండా వస్తాడు."

నేనూ ఆ గింజ తీసుకొని ఆడి చూశాను. రైలు తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం దాటక ముందే కట్టు, తోపు, మాయం మూడూ అయిపోయేవి. పక్క స్టేషను వచ్చేసరికి నా మంత్రగాడు చచ్చి ఆయన జేబులో ఉండేవాడు.

"నీకు నోట్లోకి వచ్చిన మాట పళ్ళు దాటకుండా ఉండదురా," అనేవాడు. "మంత్రం గూడా అంతే. వచ్చింది, ఊసేసినావు. మొదుట్లోనే ఊసేసినోడు కడాన ఉత్త నోరు తెరుసుకోని నిలబడల్ల."

"నవ్వులాటకే గదన్నా."

"నవ్వులాటకే సచ్చినావు."

ఆ ఏడు ఆడికృత్తిక పండక్కు తిరుత్తణి కొండకు పోయి, మొక్కు తీర్చుకొని గుండు చేయించుకున్నాను. గుండు నిండా గంధం పూసుకొని, కొండ దిగి, కావళ్ళ గుంపులో తోసుకుంటూ స్టేషనుకొస్తే, ఆయన ఇంటివాళ్ళతో ఎదురయ్యాడు. పక్కన కూతురు. నా తలను చూసింది. నవ్వాపుకోవాలని పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. నేను ఊరంతటినీ నవ్వించేవాణ్ణి. ఒక్క మాట కూడా అనకుండానే ఒక మనిషిని అంతలా నవ్వించడం నాకు అదే మొదలు. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పాను. కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు, అడ్డేమీ లేదంది. పెద్దవాళ్ళను పంపిస్తానంది. ఆగమంది.

ఆగడం నాకు చేతనైతే ఈ కథే లేదు. మర్నాడు రైలెక్కగానే, రోజూ అన్నా అని పిలిచే మనిషిని, అందరి ముందర, "మామా, రోంత జరుగు" అన్నాను.

రైలుపెట్టె మొత్తం చల్లబడిపోయింది. మావైపు వరస మారిందంటే అర్థం చెప్పక్కర్లేదు. అన్న కూతురు మనకు కూతురు. మామ కూతుర్ని చేసుకోవచ్చు. మీసాలున్న మగాళ్ళందరూ పేపర్లు దించి నా గుండు వైపు చూశారు.

మొదట కదిలింది కొండ. బావ మెల్లగా నావైపు తిరిగాడు. "నిన్నటిదాంకా అన్నా అన్నా అంటివే. రాత్రికి రాత్రి మామ ఎట్లాయెరా?"

నేను ఊరుకుంటే ఎట్లా? "గుండు కొట్టించుకుంటే వరసలు గూడా కొత్తగా మొలుస్తాయి సామీ" అన్నాను.

పెట్టె నవ్వింది. బావ నవ్వలేదు. "ఆ పిల్ల మా వోనికి. పుట్టినప్పుడే అనుకొన్నాం," అన్నాడు.

ఆ 'మా వోణ్ణి', అంటే బావ కొడుకుని, నేనెరుగుదును. తిరుత్తణి బజారులో వాళ్ళ ఒడ్ల మండీలో కూర్చునేవాడు. కూర్చునేవాడన్నది మర్యాదకు, పడుకునేవాడు. మూటల మధ్య పడుకుంటే ఏది మూటో ఏది మనిషో తూకం వేసేవాడికి తెలిసేది కాదు. చెడ్డవాడు కాదు పాపం, చెడ్డవాడు కావాలన్నా మేలుకొని ఉండాలి కదా.

మంత్రగాడు ఏమనగలడు? అక్క ఆ ఇంట్లో ఉంది. కాదంటే ఆమె అన్నం తినేటప్పుడల్లా ఆ మాట వినాలి. అవునంటే కూతురు జీవితాంతం ఒక మూట పక్కన కూర్చోవాలి. ఆ రోజంతా ఆయన టవలు పరచలేదు. అంబత్తూరులో దిగేటప్పుడు మాత్రం నా మోచెయ్యి పట్టుకొని ఒకసారి సన్నగా ఊపాడు. నా తలను తన చెవి దగ్గర పెట్టుకోలేదు, అంతవరకు అదృష్టం.

"పోయిందా మామా?" అన్నాను.

"ఇంకా తెలీలా" అన్నాడు.

మర్నాడు టవలు పరిచి, గొంతు తగ్గించి, అయినా అందరికీ వినపడేటట్టు అన్నాడు: "బావా, ఈ తిరువళ్ళూరోడు నోరు మూసుకునే రకం గాదు. పిల్లనియ్యమంటే ఈ రైల్లో దినామూ ఏడుస్తాడు. మనకి పరువు గాదు. ఒగ పని చేద్దాం. నువ్వు ఏనుగును తీసుకో. వాడు మంత్రగాణ్ణి ఆడనీ. ఒగే ఆట. వాడు ఓడితే మళ్ళా ఆ మాట ఎత్తకూడదు. గెలిస్తే..."

బావ నవ్వాడు. బెంచీ కూడా నవ్వింది. "ఈ వదురుబోతు మంత్రగాణ్ణి ఆడి గెలుస్తాడా? గెలిస్తే పిల్లను నేనే పక్కన నిలబడి ఇప్పిస్తా. పోరా."

మాట ఖాయమైపోయింది. పెట్టె నిండా సాక్షులు. దీపావళి ముందర ఒక శనివారం ఆట అనుకున్నారు.

అప్పట్నుంచి నాకు పాఠాలు. సాయంత్రం తిరుగు రైల్లో బావ ఉండేవాడు కాదు. మంత్రగాడు ఒక్కడే నన్ను ఎదురుగా నిలబెట్టుకొని తిట్టేవాడు. తిట్టడమే పాఠం.

"ఏనుగును సంపల్లని చూడొద్దు. దానికి తిండి పెట్టు. ఒగ గింజ, ఇంకొంచెం దూరంలో ఇంకో గింజ. అట్లా అంచుకు పిలుసుకోనిరా. తినేవోనికి తిండే కనపడతాది, దారి కనపడదు."

"నా గింజలన్నీ పోతాయి గద మామా."

"పోనీ. నువ్వేమన్నా నాటుకుంటావా వాటిని?"

ఇంకోరోజు: "మాయం ఎప్పుడు వేస్తావు?"

"ఏనుగు మీదికొస్తా ఉంటే, దూరంగా ఎగిరిపోయేదానికి."

"అందురూ చేసేది అదే. అందుకే అందురూ సచ్చేది." నా తలమీద ఒక మొట్టికాయ. "దూరంగా పోతే దానికి పరిగెత్తే జాగా ఇచ్చినట్టు గదరా. ఏనుగు యాడుంటే దాని కాలికాడికి పో. అంతకంటే బందోబస్తు ఇంకోటి లేదు."

నాకు అన్నీ అర్థమయ్యేవి. బుర్రలో ఉండేవి. ఆట మొదలైతే మాత్రం నోరు ముందు, బుర్ర వెనక. రెండు గడులు నడవగానే "తోపు!" అని అరిచేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకునేవాడు. "సుమ్మా ఉండరా, సుమ్మా ఉండు" అని, ఊరుకోమని తమిళంలో బతిమాలేవాడు. తెలుగులో బతిమాలడం అప్పటికే అయిపోయింది.

ఆ శనివారం వచ్చింది. రైలెక్కాను. మంత్రగాడి మోకాళ్ళ మీదా, బావ మోకాళ్ళ మీదా టవలు పరిచి ఉంది. నేను నిలబడే ఆడాలి, తిరువళ్ళూరువాణ్ణి కదా. తిరువాలంగాడువాళ్ళు బెంచీలెక్కి చూస్తున్నారు.

"మంచిపని. ముందర తాంబూలం వేసుకోరా," అని మంత్రగాడు జేబులోంచి ఒక చిలక తీశాడు. ఆయన తాంబూలం వేసుకునే మనిషి కాదు. అది చిలక కాదు, గద్ద. తమలపాకులు ఎన్ని చుట్టాడో, వక్క ఎంత నింపాడో, దవడ పక్కన పెడితే ముఖం ఒక వైపు వాచిపోయింది. నమిలాను. నోరంతా ఎర్రటి చెరువు. ఉమ్మాలంటే కిటికీకీ నాకూ మధ్య తిరుత్తణి మొత్తం కూర్చుని ఉంది. తలుపు దగ్గరికి పోవాలంటే తిరువళ్ళూరును దాటాలి. నోరు తెరిస్తే టవలు పాడు, ఎదురుగా బావ తెల్లచొక్కా పాడు.

అప్పుడు తెలిసింది. మంత్రం పైకి చెప్పాలి. నేను చెప్పలేను.

ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తున్నాడు, ఆ చేలు అదే మొదటిసారి చూస్తున్నట్టు.

బావ వక్క పరిగెత్తింది. నా గింజ పోయింది. మళ్ళీ పరిగెత్తింది. మళ్ళీ పోయింది. "ఏమిరా, మంత్రాలు ఇంట్లో పెట్టేసి వచ్చినావా?" అన్నాడు బావ. నాకు జవాబు వచ్చింది. చాలా మంచి జవాబు. ఈనాటికీ గుర్తుంది. దవడలోనే ఉండిపోయింది.

"వీని ముఖం చూడండ్రా, ఏడ్సేటట్టుండాడు," అన్నారెవరో. నిజంగానే కళ్ళలో నీళ్ళు. సున్నం ఎక్కువైంది. బావ అది భయమనుకున్నాడు. భయం కూడా ఉంది, దాన్ని నేను దాచిపెట్టలేదు. ఏనుగు హుషారుగా ఇంకో గింజ కోసం వచ్చింది, ఆ గింజను తొక్కి టవలు కుచ్చుల దగ్గర ఆగింది.

రైలు ఆవడిలో ఆగి కదిలింది. జనం ఎక్కి మీద పడ్డారు. మిగిలింది అంబత్తూరే. గింజల లెక్క చూస్తే నేను పోయినట్టే. నడుం వంచి టవలు చూశాను. వక్కకు ఒకవైపు కుచ్చులు. రెండు పక్కల నా గింజలు, తిండిగా వేసినవాటిలో మిగిలినవి. ఇంకోవైపు ఒక్క గడి, ఖాళీగా. అది ఏనుగు కాలి దగ్గర గడి.

కళ్ళు మూసుకొని మొత్తం మింగేశాను. ఆకు, వక్క, సున్నం, చెరువు. గొంతు మండిపోయింది. నా గొంతులోంచి నాకే తెలియని ఒక కప్ప అరిచింది:

"మాయం!"

కుంకుడు గింజను తీసి ఆ ఖాళీ గడిలో పెట్టాను.

టవలు కింద మంత్రగాడి మోకాలు ఒక్కసారి అదిరింది. ముఖంలో ఏమీ లేదు. ఇంకా వరిచేలే చూస్తున్నాడు, ఆవడి దాటాక అక్కడ వరిచేలు లేకపోయినా.

బావ వక్కను పట్టుకొని అటు చూశాడు, ఇటు చూశాడు. పరిగెత్తడానికి జాగా లేదు. ఆఖరికి, "వీని దగ్గర ఇంకా రెండు మంత్రాలుండాయి గదరా!" అన్నాడు, మోసపోయినవాడి గొంతుతో.

ఓడినవాడు టవలు మడవాలి, అది పద్ధతి. ఆ చేతుల్లో టవలు జేబురుమాలైపోయింది. మడిచి బావమరిది ఒళ్ళో పెట్టాడు. "మాటిస్తిని. అంతే," అన్నాడు. కొంచెం ఆగి, "మా వోనికి చెప్పల్ల... లేసినాక" అన్నాడు. పెళ్ళిలో చెప్పినట్టే పక్కన నిలబడ్డాడు. ఫోటోలో మేం కనపడం, ఆయన కనపడతాడు.

పెళ్ళయ్యాక నేను ఊరుకున్నానా? ఏనుగును పట్టినవాణ్ణని రైల్లో ప్రతి స్టేషనులోనూ చెప్పాను. ఎక్కినవాళ్ళకు చెప్పాను, దిగేవాళ్ళకు తొందరగా చెప్పాను. ఒక సాయంత్రం తిరుగు రైల్లో మామను ముగ్గులోకి దించుదామని అడిగాను: "మామా, నా మీద నీకంత నమ్మకం ఎట్లా కలిగింది?"

ఆయన అప్పుడు ఎవరిదో టార్చిలైటును చెవి దగ్గర ఊపుతున్నాడు. "నమ్మకమా? యాడిది?"

"మరి నాకెందుకు నేర్పిస్తివి?"

"బావను నా నోటితో కాదనలేను. అక్క ఆ ఇంట్లో ఉండాది. ఆయన్నోటితోనే ఆయనకు కాదనిపించల్ల. మంత్రగాడు తన చేత్తో కొడతాడా? ఎవుడో ఒగుడు ముందర నడవల్ల. ఎవురా అని నేను చూస్తా ఉంటే, నువ్వు గుండుతో వచ్చి మామా అంటివి. సరే, వీడే అనుకొంటి."

"అంటే, ఇంకెవుడన్నా వచ్చి మామా అనుంటే?"

"వానికి నేర్పించుందును," అన్నాడు, టార్చిలైటు తిరిగి ఇచ్చేస్తూ. "నీకన్నా బిరీన నేర్చుకోనుండునేమో."

తిరువళ్ళూరు దాకా నేను మాట్లాడలేదు. పెట్టెలో ఎవరో నాకు ఒంట్లో బాగాలేదనుకొని సీటిచ్చారు. అన్నేళ్ళ ప్రయాణంలో నాకు దొరికిన సీటు అదొక్కటే.

ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి మా ఆవిడ దగ్గర మొత్తుకున్నాను. "మీ నాయనకు నేను మనిషినే గాదు! ఆ నిద్రమొహమోణ్ణి తప్పించేదానికి ఎవుడో ఒగ తిక్కలోడు కావల్సొచ్చి నన్ను ఏరుకున్నాడంట! ఎవుడైనా సరే అనుకున్నాడంట!"

ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. తల కూడా ఎత్తలేదు.

"ఏ తిక్కలోడైనా పర్లేదన్నది మా నాయన," అంది. "ఈ తిక్కలోడే కావల్లన్నది నేను."